రాయెన్ బారియాకు పడిన సున్నా

రాయెన్ బారియాను పదమూడేళ్ళ వయసులో రాజధాని బస్సు ఎక్కించింది నేనే. వాళ్ళమ్మా కాదు, నాన్నా కాదు. వాళ్ళిద్దరూ వద్దంటుంటే వాళ్ళింటి వంటగదిలో రెండు గంటలు కూర్చుని, సొరబుర్రలో పోసిన మాతే ఆకు కషాయం మళ్ళీ మళ్ళీ తాగుతూ, ఒప్పించే దాకా లేవలేదు నేను. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు ఈ ముక్కతోనే మొదలుపెడతాను. ఇది దాచి తక్కినదంతా చెబితే నేనేదో పక్కన నిలబడి చూసినదాన్ని అనుకుంటారు.

నా పేరు దేలియా ఒయార్సున్. దేశానికి దక్షిణాన, పటగోనియా తీరంలోని కొమొదోరోలో మా పేట క్లబ్బులో ముప్ఫై నాలుగేళ్ళుగా ఆడపిల్లలకు రిథమిక్ జిమ్నాస్టిక్స్ నేర్పుతున్నాను. చదువు చెప్పేవాళ్ళందరినీ పిలిచినట్టే నన్నూ ‘ప్రొఫె’ అంటారు పిల్లలు. ఆ హాలు అసలు ఫుట్‌బాల్ జట్టుది. వాళ్ళు ఆడని గంటలు మావి. పైకప్పు రేకులు ఎంత కిందికి ఉంటాయంటే హూప్ కాస్త గట్టిగా విసిరితే దూలానికి తగిలి, ఎటు పడుతుందో తెలియకుండా పడుతుంది. పోనీ బయట విసురుదామంటే మా ఊరి గాలి సంగతి తెలిసిందే. ఒకసారి ఆ గాలి ఒక పిల్ల రిబ్బన్‌ను లాక్కెళ్ళి మూడు వీధుల అవతల కరెంటు తీగకు చుట్టేసింది. వారం రోజులు అక్కడే ఎగురుతూ ఉండింది.

రాయెన్ ఆరేళ్ళప్పుడు వచ్చింది. నాన్న ఎర్నాన్ చమురు బావుల దగ్గరికి పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సు నడుపుతాడు. అమ్మ మిర్తా బేకరీలో పని చేస్తుంది. ఇంట్లో ఒంటరిగా వదల్లేక తెచ్చి నా దగ్గర కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి ఆ పిల్ల కూర్చోవడం మానేసింది. కప్పు తక్కువ కాబట్టి తక్కువ ఎత్తుకే విసిరేది, కానీ ఎలా పట్టుకునేదంటే, కాలి వేళ్ళతో, మోకాలి వెనక మడతతో, కళ్ళు అటు తిప్పి వీపు మీద! నేను నేర్పినవి కావవి. పదమూడో ఏట త్రెలెవ్‌లో పటగోనియా పోటీలు జరిగాయి. అక్కడి హాలు కప్పు ఎక్కడో పైన ఉంది. జీవితంలో మొదటిసారి హూప్‌ను మనసారా పైకి విసిరింది. అది గిరగిరా తిరుగుతూ దిగివచ్చేలోగా, ఆట మధ్యలో, అందరికీ వినబడేట్టు పకపకా నవ్వేసింది.

ఆ నవ్వు చూసి లేచి వచ్చింది ఇనెస్ బెర్తొలాత్తి. బ్యూనస్ ఎయిర్స్‌లో తన పేరుతోనే అకాడమీ నడుపుతోంది. దేశం తరఫున ఆడిన పిల్లల్లో సగం మంది ఆమె చేతి కింద తయారైనవాళ్ళే. సన్నగా, నిటారుగా, పొగరుగా ఉంటుంది. నా వైపు చూడకుండానే, “ఈ పిల్లని నాకిచ్చెయ్యండి. ఇక్కడుంటే పాడైపోతుంది” అంది.

నాకు కోపం రావలసింది. రాలేదు. గర్వంగా అనిపించింది.

“ప్రొఫె, అంత దూరం... ఇంకా చిన్నది” అంది మిర్తా వంటగదిలో. “రాత్రి దుప్పటి తన్నేసుకుంటుంది, ఎవరు కప్పుతారు?”

“దుప్పటి గురించి ఆలోచిస్తే ఈ ఊళ్ళోనే ఉంటుంది, నాలాగ” అన్నాను.

ఎర్నాన్ మాతే బుర్రలో మళ్ళీ వేణ్ణీళ్ళు పోసి నా ముందుకు జరిపాడు. చివరికి, “మీరు పంపమంటే పంపుతాం ప్రొఫె. మాకేం తెలుసు ఇవన్నీ. మీకు తెలుసు” అన్నాడు.

నాకు తెలుసట.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రాయెన్ నాకు ఫోన్ చేసేది. మొదట్లో అన్నీ కొత్త సంగతులే. అద్దాల గోడ, ఎత్తైన కప్పు, పియానో వాయించే ముసలాయన. రెండో నెల నుంచి మాట తగ్గింది. అక్కడ రోజూ పొద్దున వరుసగా నిలబెట్టి బరువు చూస్తారట. పేరూ అంకే బోర్డు మీద రాస్తారట. పెరిగినవాళ్ళ పేరు చుట్టూ ఎర్రగీత. ఇనెస్ తొడ మీద, చేతి కింద, నడుం దగ్గర రెండు వేళ్ళతో గిల్లి పట్టుకుని లాగి అందరికీ చూపిస్తుందట.

“ప్రొఫె, నన్ను సముద్రపు ఏనుగంటోంది” అంది ఒక ఆదివారం. “పటగోనియా నుంచి వచ్చాను కదా, అందుకని. అందరూ అదే పేరు పెట్టి పిలుస్తున్నారు.”

ఆ మాట విని నేను నవ్వాను. మా తీరాన రాళ్ళ మీద పడి దొర్లే ఆ మృగాలనూ, నలభై కిలోలు కూడా లేని ఈ పిల్లనూ పక్కపక్కన ఊహించుకుని నవ్వొచ్చింది. “పట్టించుకోకు. పెద్ద పెద్ద శిక్షకులంతా అంతే. గట్టిపడతావ్” అన్నాను.

 “సరే ప్రొఫె” అంది. ఆ తర్వాత అలాంటివి నాకు చెప్పడం మానేసింది. మానేస్తే, సర్దుకుందిలే అనుకున్నాను.

పదిహేనో పుట్టినరోజుకు అకాడమీ వాళ్ళు రాయెన్‌ను మూడు రోజులు ఇంటికి పంపించారు. అప్పటికే దక్షిణ అమెరికా జూనియర్ పోటీల్లో బంతితో రజతం తెచ్చింది. మా దగ్గర ఆడపిల్లకు పదిహేను నిండటం పెళ్ళంత వేడుక, పేటంతా వచ్చింది. ఎర్నాన్ కొత్త సూటు వేసుకుని కూతురితో వాల్ట్జ్ ఆడాడు, రెండుసార్లు ఆమె గౌను అంచు తొక్కాడు. మిర్తా బేకరీ వాళ్ళే మూడంతస్తుల కేకు చేసి తెచ్చారు. నేను రాయెన్ ఎదురుగా కూర్చున్నాను కాబట్టి చూశాను. కేకు ముక్క నోటి దాకా తీసుకెళ్ళేది, నమిలినట్టు చేసేది, పేపరు నాప్‌కిన్‌తో మూతి తుడుచుకునేది. కేకు ముద్దలతో ఆ నాప్‌కిన్లు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వాళ్ళమ్మ వచ్చి “ఇంకో ముక్క?” అంటే “చాలమ్మా, కడుపు నిండిపోయింది” అని నవ్వింది.

నేను చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? ‘ఎంత క్రమశిక్షణ!’ అనుకున్నాను. మర్నాడు మా చిన్నపిల్లలకు గొప్పగా చెప్పాను కూడా.

పదిహేడో ఏట నడుం నొప్పి మొదలైంది. వెనక్కి వంగినప్పుడల్లా కత్తి దిగినట్టు ఉండేదట. అకాడమీకి తెలియకుండా రాజధానిలో ఉండే మిర్తా చుట్టాలావిడ ఒకామె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే తీసి చూస్తే వెన్నెముక అడుగున ఎముకకు చీలిక. మూడు నెలలు కదలొద్దని కాగితం రాసిచ్చాడు. రాయెన్ ఆ కాగితం తీసుకెళ్ళి ఇనెస్‌కు ఇచ్చింది. ఇనెస్ చదివి, నిలువునా చింపి, చెత్తబుట్టలో వేసింది. “డాక్టర్లకి ఏదో ఒకటి కనిపెట్టకపోతే పొద్దుపోదు. బరువు తగ్గితే నడుం దానంతటదే తగ్గుతుంది” అంది. ఇరవై రోజుల్లో ఖండం పోటీలు. పోటీ రోజు పొద్దున నడుంలో సూది వేయించి ఆడించారు. క్లబ్బులతో, అంటే గదల్లాంటి ఆ రెండు కర్రలతో, మూడో విసురు తర్వాత వెనక్కి వంగిన మనిషి లేవలేదు. నేను టీవీలో చూస్తున్నాను. ఒక క్లబ్బు దొర్లుకుంటూ గీత దాటి వెళ్ళిపోయింది. రాయెన్ పక్కకు తిరిగి పడుకుని దాని వైపే చూస్తోంది.

మూడో రోజున అకాడమీ నుంచి ఇంటికి పంపేశారు. సామాను సంచిలో ఎవరో సర్ది గుమ్మం దగ్గర పెట్టారట. ఇనెస్ బయటికి కూడా రాలేదు.

విమానం దిగాక చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు ఎర్నాన్. ఎనిమిది నెలలు మంచానికే అంటుకుపోయింది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. మిర్తా పంచదార చల్లిన పూరీల్లాంటి తోర్తా ఫ్రితాలు వేయించి పెట్టేది. మొదట్లో రాయెన్ వాటిని చూసి మొహం తిప్పుకునేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళకు పంచదార అంటుకుని, ఒకదాని తర్వాత ఒకటి తింటూ ఏడుస్తోంది. ఏడుస్తూనే తింటోంది.

“మెల్లగా తినమ్మా” అన్నాను.

పళ్ళెం పక్కన పెట్టింది. “మీకు చెప్పాను ప్రొఫె.”

“ఏం చెప్పావు?”

“ఏనుగంటోందని చెప్పాను. గిల్లుతోందని చెప్పాను. మీరు నవ్వారు.”

“నేనేదో సరదాకి...”

“మీరు నవ్వారు! నాకింకా వినబడుతూనే ఉంది ఆ నవ్వు. ఆవిడ గిల్లినందుకు కాదు నేను రాత్రులు ఏడ్చింది. ఈ ఊళ్ళో నన్ను ఎరిగినావిడ ఒకరుంటే, ఆవిడ కూడా నవ్వినందుకు. అమ్మకి చెబితే భయపడుతుంది, నాన్న బస్సేసుకుని వచ్చేస్తాడు, ప్రొఫెకి చెబితే ఏదో ఒకటి చేస్తుంది అనుకున్నాను. పదమూడేళ్ళు నాకు! మీరేం చేశారు? గట్టిపడతావన్నారు. ఇదిగో, పడ్డాను. చూడండి.”

నడుం పట్టీ మీద పిడికిలితో టకటకా కొట్టి చూపించింది. ప్లాస్టిక్ చప్పుడు.  మిర్తా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నన్ను వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నేనే లేచి వచ్చేశాను.

ఇంటికి కాదు, తిన్నగా హాలుకు వెళ్ళాను. మా హాలు మూలన కూడా బరువు చూసే మిషన్ ఒకటి ఉండేది. బోర్డు లేదు, ఎర్రగీతలు లేవు, కానీ నెలకోసారి నేనూ ఎక్కించేదాన్ని. ‘ఈ నెల అల్ఫహోరె బిస్కట్లు తగ్గించు తల్లీ’ అనేదాన్ని, ముద్దుగా. ఎంత ముద్దుగా అన్నా ఆ పిల్లలు మొహం వేలాడేసుకుని దిగడం నాకు తెలియనిది కాదు. దాన్ని కారు వెనక వేసుకుని కలేతా కోర్దోవా రేవుకు పోయి, చేపలమ్మే ఆవిడకు ఇచ్చేశాను. “పని చేస్తుందా?” అంది ఆవిడ. “చేపలకైతే చేస్తుంది” అన్నాను.

రాయెన్ తిరిగి హాలుకు వచ్చింది, మాట్లాడుకోవడం మొదలుపెట్టిన తర్వాత కాదు, మాట్లాడుకోకుండానే. ఒకరోజు వచ్చి బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లల్ని చూసింది. మరోసారి వచ్చి బూట్లు విప్పింది. ఇంకోరోజు బంతి తీసుకుంది. నేను ఏదీ అడగలేదు. ఆరు నెలల తర్వాత, చెమట తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అంది.

“దేశం పోటీలకి వెళ్తాను. ఈ క్లబ్బు పేరు మీద.”

“ఎందుకు?”

“ఆవిడ కూర్చునే హాల్లో, ఆవిడ చూస్తుండగా, తిన్న ఒంటితో ఆడాలి. గెలవకపోయినా సరే.”

కోపంతో ఆడే ఆట ఎక్కువ దూరం పోదని నేను పిల్లలకు చెబుతూ వచ్చాను. అది తప్పని రాయెన్ చూపించింది. రెండేళ్ళు రోజూ వచ్చింది. నడుం వంచే విన్యాసాలన్నీ తీసేసి, దూకేవీ తిరిగేవీ పెట్టుకున్నాం. సంగీతంలో వయొలిన్లు వద్దంది. బొంబో డప్పు ఒక్కటే కావాలంది. ఎర్నాన్ తమ్ముడు వాయిస్తే హాల్లోనే రికార్డు చేశాం. వింటే వెనకాల రేకులు కొట్టుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. రాయెన్ భుజాలు, తొడలు, పిక్కలు, అన్నీ గట్టిగా, నిండుగా ఉండేవి. ఆ డప్పుకు ఆ ఒళ్ళు నేల మీద దిగుతుంటే నా ఒంటి మీద వెంట్రుకలు లేచేవి.

ఇరవయ్యో ఏట శాంతా ఫెలో దేశం పోటీలు. ఈ ఆటలో ఇరవై అంటే ముసలితనం. హూప్, బంతి, క్లబ్బులు అయ్యేసరికి రాయెన్ రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానంలో ఉన్నది ఇనెస్ దగ్గరి పిల్లే. తేడా చాలా చిన్నది. రిబ్బన్ ఒక్కటే మిగిలింది. వరండాలో ఇనెస్ ఎదురుపడి, పక్కనున్న వాళ్ళతో నవ్వుతూ, “చూశారా, ఏనుగు అంత దూరం నుంచి ఈదుకుంటూ వచ్చింది” అంది. రాయెన్ ఆగలేదు. “నీళ్ళు బాగున్నాయిలే” అనుకుంటూ పోయింది. పక్కవాళ్ళు నిజంగానే నవ్వారు. ఇక ఫరవాలేదు అనుకున్నాను.

ఆటకు ముందు వార్మప్ చేసుకునే హాలు వెనక ఉంది. రాయెన్ తర్వాతి వంతుకు సిద్ధమై, రిబ్బన్ కర్ర చేత్తో పట్టుకుని, తెర దగ్గర నిలబడి ఉంది. నేను రిబ్బన్ ముడులు చూస్తున్నాను. మాకు పది అడుగుల దూరంలో ఇనెస్ తన చిన్న జట్టు పిల్లల్ని వరుసలో నిలబెట్టింది. చివర్న సాల్టా నుంచి వచ్చిన పిల్ల ఒకతె, ఫ్రాంకా, పన్నెండేళ్ళుంటాయి. ఇనెస్ వంగి, ఆ పిల్ల తొడ మీద రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది.

“ఇదేంటి? పోయిన నెల లేదే. ఎవరి దగ్గర అరువు తెచ్చావ్? తిన్న సాల్టా ఎంపనాదాలన్నీ ఇక్కడే దాచినట్టున్నావ్.”

వరుసలోని పిల్లలు నవ్వారు. ఫ్రాంకా కూడా నవ్వింది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, పళ్ళు కనబడేట్టు, పోటీలో నవ్వే నవ్వు. ఇనెస్ వేళ్ళు వదల్లేదు. ఇంకాస్త మెలిపెట్టింది.

రాయెన్ నా చేతుల్లోంచి రిబ్బన్ లాక్కుంది. ఆడటానికి వెళ్తోందనుకున్నాను. అటు కాదు, ఇటు వెళ్ళింది.

“చెయ్యి తియ్యి.”

ఇనెస్ తలెత్తింది. “నీ వంతు కదూ ఇప్పుడు? వెళ్ళమ్మా, వెళ్ళి ఆడుకో.”

“ఆ పిల్ల మీంచి చెయ్యి తియ్యమన్నాను.”

“ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావ్? ఇది నా శిష్యురాలు.”

“నేనూ నీ శిష్యురాలినే. నాలుగేళ్ళు నన్నూ ఇలాగే గిల్లావ్. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ. మచ్చలు కనబడకుండా పౌడరు రాయించి పోటీలకి పంపావ్.”

ఆమెను ‘మీరు’ అనకుండా మాట్లాడిన మనిషిని ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. అందరూ ఆగిపోయారు. లౌడ్‌స్పీకర్లో వినబడింది: “రాయెన్ బారియా, కొమొదోరో రివదావియా. రిబ్బన్.”

“పిలుస్తున్నారు, రా!” అని చెయ్యి పట్టుకుని లాగాను.

“పిలవనీండి.”

ఇనెస్ ఫ్రాంకాను వదిలి నిటారుగా నిలబడింది. “చూడు, నీకు చేతకాక పడ్డావ్. తిండి ఆపుకోలేక పడ్డావ్. దానికి నన్నంటావేంటి?”

“పడ్డాను. విరిగిన ఎముకతో పడ్డాను. డాక్టరు కాగితం చదివావా లేదా? చదివావ్. నా ఎదురుగానే చదివావ్. చదివి చింపావ్. పదిహేడేళ్ళ పిల్ల నడుం విరిగిందని తెలిసి సూది పొడిపించి పంపావ్. నేను కింద పడుకునుంటే నువ్వు ఎటు చూశావో తెలుసా? మార్కుల బోర్డు వైపు!”

“రాయెన్ బారియా. రెండో పిలుపు.”

“రాయెన్, నా మాట విను, తొంభై సెకన్ల ఆట, ఆడి వచ్చెయ్, తర్వాత ఎన్నైనా తిట్టుకో” అని బతిమాలాను. నేను ఏడుస్తున్నాను అప్పటికి.

ఆమె నన్ను చూడలేదు. ఫ్రాంకా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు ఒక్కసారిగా తగ్గింది. “నవ్వకమ్మా. నొప్పెడుతున్నప్పుడు నవ్వక్కర్లేదు.”

ఫ్రాంకా మొహంలో నవ్వు పోయింది. వెనక్కి అడుగేసి, చిన్న పిడికిళ్ళు బిగించి అరిచింది. “పో ఇక్కణ్ణుంచి! నీవల్ల నన్ను జట్టులోంచి తీసేస్తారు! ఎవరు రమ్మన్నారు నిన్ను?”

అరుచుకుంటూ వెళ్ళి ఇనెస్ వెనక దాక్కుంది. ఇనెస్ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిమిరింది, మెత్తగా, అందరికీ కనబడేట్టు.

మూడో పిలుపు అయిపోయింది. బోర్డు మీద రాయెన్ పేరు ఎదురుగా సున్నా వెలిగింది. పిల్ల జారిపడితే, రిబ్బన్ చిక్కుపడితే కూడా అయిదో ఆరో వస్తాయి. అన్నేళ్ళలో నా పిల్లలెవరికీ సున్నా పడటం నేను చూడలేదు.

శాంతా ఫె నుంచి మా ఊరికి బస్సులో ఒకటిన్నర రోజు. పంపా మైదానాలు దాటుతుండగా ఉండబట్టలేక అడిగాను. “తొంభై సెకన్లు ఆగలేకపోయావా రాయెన్?”

“ఏడేళ్ళు ఆగాను కదా ప్రొఫె” అంది. కిటికీ వైపు తిరిగి పడుకుంది. నేను మళ్ళీ అడగలేదు. కానీ ఊళ్ళో అందరూ అడిగారు. రొట్టె కొనడానికొచ్చిన వాళ్ళు మిర్తాను అడిగారు, బస్సెక్కిన వాళ్ళు ఎర్నాన్‌ను అడిగారు. ‘ఆడి వచ్చాక తిట్టొచ్చు కదా?’ ఎర్నాన్ ఒకాయనతో, “నీ కూతుర్ని ఎవడైనా గిల్లుతుంటే నువ్వు టిఫిను ముగించి లేస్తావా?” అన్నాడట. ఆయన మళ్ళీ ఎర్నాన్ బస్సు ఎక్కలేదు.

ఇనెస్ దేశం ఆట సంఘానికి ఫిర్యాదు చేసింది. రాయెన్ తనను చిన్నపిల్లల ఎదుట బెదిరించిందట, రిబ్బన్ కర్ర ఎత్తిందట. రెండు నెలల తర్వాత రాజధానిలో విచారణ. బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు. ఒకాయన విచారణ సాగినంతసేపూ మెదియాలూనా బన్నులు తింటూ, చొక్కా మీద పడ్డ పొడి దులుపుకుంటూ కూర్చున్నాడు. సాక్షిగా ఫ్రాంకా వాళ్ళమ్మ సెలెస్తె వచ్చింది. రాయెన్ ఆమెను చూసి లేచి నిలబడింది, ఏదో మంచిమాట చెబుతుందేమోనని.

“మా అమ్మాయికి ఏ నొప్పీ లేదు” అంది సెలెస్తె. “ఇనెస్ గారు ప్రేమగా గిల్లారు. తల్లిలాగ చూసుకుంటారు. ఈ అమ్మాయి వచ్చి గోల చెయ్యడం వల్లే మా పిల్ల వారం రోజులు నిద్రపోలేదు. తను ఓడిపోతే మా పిల్ల బతుకు పాడు చెయ్యాలా?” రాయెన్ వైపు తిరిగి, “ఎంత కష్టపడి తీసుకొచ్చామో తెలుసా నీకు? ఎంత దూరం నుంచో తెలుసా?” అంది.

“తెలుసు” అంది రాయెన్. “సాల్టా మాకంటే దగ్గరే.”

నన్ను పిలిచారు. నేను అకాడమీ సంగతులు చెప్పి, ఆగకుండా, నా సంగతీ చెప్పాను. పిల్ల ఫోన్‌లో చెబితే నవ్వానని, నాప్‌కిన్లు చూసి మెచ్చుకున్నానని, నేనూ పిల్లల్ని మిషన్ ఎక్కించానని. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. “సెన్యోరా, ఇది మీ మీద విచారణ కాదు.”

“ఎందుకు కాదు?” అన్నాను. “మా అందరి మీదా పెట్టండి. మీ మీద కూడా. ఇరవై ఏళ్ళుగా ఆ బోర్డు గోడ మీదే ఉంది కదా, ఎవరు చూడలేదు?”

దయచేసి కూర్చోమన్నారు.

చివరికి ఒక కాగితం ముందుకు జరిపారు. ‘ఆవేశంలో ప్రవర్తించినందుకు చింతిస్తున్నాను’ అని ఒకే వాక్యం. సంతకం చేస్తే హెచ్చరికతో వదిలేస్తామన్నారు. రాయెన్ ఆ కాగితాన్ని చదివి, తిప్పి చూసి, మళ్ళీ చదివి, బల్ల మీద పెట్టింది.

“చింతించడం లేదు” అంది. “ఇంకా ముందే అననందుకు చింతిస్తున్నాను. అలా రాయమంటే రాస్తాను.”

రెండేళ్ళు నిషేధించారు. ఇరవై రెండేళ్ళకు తిరిగి వచ్చి ఆడేవాళ్ళు ఈ ఆటలో ఉండరు. అంతటితో రాయెన్ బారియా ఆట ముగిసింది. ఒక రజతం, నాలుగు దేశం పతకాలు, ఒక సున్నా. వార్తాపత్రికలో రెండు పేరాల వార్త వచ్చింది. ‘వివాదాస్పద క్రీడాకారిణి’ అని రాశారు. ఆ నెలలోనే ఇనెస్‌కు ఎవరో సన్మానం చేశారు. పూలగుత్తి పట్టుకుని టీవీలో నవ్వింది. నేను చేతిలో ఉన్న మాతే బుర్రను గోడకేసి కొట్టాను. అది పగల్లేదు. ఆకంతా గోడ మీద ఆకుపచ్చగా చిమ్మింది, అంతే.

ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. రాయెన్ ఇప్పుడు నాతో పాటే పిల్లలకు నేర్పుతోంది. ఓర్పు తక్కువ. తప్పు చేస్తే కసురుతుంది, వెంటనే మళ్ళీ చేసి చూపిస్తుంది. ఎవరైనా తల్లి వచ్చి ‘మా అమ్మాయి కాస్త లావైందేమో ప్రొఫె’ అంటే మాత్రం రాయెన్ ఆమెను దులిపేసే చోట నేను ఉండను, బయటికి పోతాను. ఆ తల్లి మొహం చూడలేను.

ఫ్రాంకా పదహారో ఏట ఆట మానేసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. రాయెన్ ఒకసారి ఆమెకు ఫోన్‌లో ‘ఎలా ఉన్నావు?’ అని రాసింది. చదివినట్టు టిక్కు పడింది. జవాబు రాలేదు.

పోయిన సంవత్సరం అకాడమీలో నేర్చుకుని ఇప్పుడు పెద్దవాళ్ళైన పదకొండు మంది కలిసి ఫిర్యాదు రాశారు. ఒకతెకు బిడ్డ కూడా ఉంది. ఒకతె ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే చేతులు వణుకుతాయని రాసింది. ఫ్రాంకా పేరు అందులో లేదు. ఇనెస్ వాళ్ళందరినీ అసూయపరులంది. కేసు ఒక గదిలోంచి ఇంకో గదికి తిరుగుతోంది. అకాడమీ తలుపులు తెరిచే ఉన్నాయి, ఈ రోజు పొద్దున కూడా ఎవరో ఒక పిల్లను మిషన్ ఎక్కించే ఉంటారు. దీన్ని తలుచుకుంటే నేను పళ్ళు పటపట కొరుకుతాను. వయసుతో కోపం చల్లారుతుందని ఎవరైనా అంటే నాకు ఇంకా మండుతుంది.

ఆ పదకొండు వాంగ్మూలాలకు పన్నెండోది నేను రాశాను. వాళ్ళ లాయరమ్మ అవసరం లేదంది, బాధితులవి చాలంది. చేర్చకపోతే నేనే వెళ్ళి ఇచ్చి వస్తానన్నాను. బస్సు ఎక్కించక ముందు మిర్తా వంటగదిలో మాట్లాడిన మాటల నుంచి అన్నీ రాశాను. మంచిగా కనిపించే ముక్క ఒక్కటి కూడా పెట్టుకోలేదు. పంపే ముందు రాయెన్‌కు చూపించాను.

మా క్లబ్బు వంటగదిలో, నిలబడే చదివింది. పిల్లలు హాల్లో గంతులేస్తున్నారు. రెండో పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. ఏమంటుందో అని చూస్తూ నిలబడ్డాను. క్షమించానంటుందని కాదు. ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు.

“ఇక్కడ తప్పుంది ప్రొఫె” అంది.

“ఎక్కడ?”

“‘కాస్త నవ్వాను’ అని రాశారు. కాస్త కాదు.”

పెన్ను అడిగి, ‘కాస్త’ కొట్టేసి, కాగితం నా ముందు పెట్టింది. నేను సంతకం చేశాను. అప్పటికే హాల్లో ఎవరో పడి ఏడుపు మొదలుపెట్టారు. రాయెన్ “ఎవరే అది? మోకాలు చూపించు!” అంటూ అటు పరిగెత్తింది.